మూడో రేవు సీసా

ఏటి ఒడ్డున, ఒకప్పుడు పడవ నడిపిన పెద్దాయన ఇల్లు. వరండా చివర కుళాయి, కుళాయి పక్కన పీట, పీట మీద ఆయన. నెలలో మొదటి ఆదివారం, పొద్దున్న ఏడు దాటింది. ఖాళీ పాలక్యానుతో వచ్చిన చెల్లెలు మెట్టు ఎక్కదు, దిగదు, కూర్చోమంటే కూర్చోదు.

“కూర్చోనన్నాగా. ముందు అడిగినదానికి చెప్పు.”

“ఏం అడిగావు నువ్వు? వచ్చిన దగ్గర్నుంచీ ఆ క్యాను ఊపుతున్నావు. దాని చప్పుడే గానీ నీ మాట వినపడితేనా.”

“అన్నయ్యా.”

“వింటున్నానే. చెప్పు.”

“పదింటికి మీటింగు. ఇవాళ చేతులెత్తించి తేల్చేస్తారట, నా గేదెల షెడ్డు రోడ్డవతలికి మార్చాల్సిందేనని. నువ్వు చెయ్యెత్తుతావా, ఎత్తవా?”

“మొన్నట్నుంచీ ఈ కుడిభుజం పట్టేసిందే. తువ్వాలు దులుపుకోవాలన్నా ఎడమచేత్తోనే...”

“ఆ ఎడమచెయ్యే ఎత్తుతావా అని అడుగుతున్నా.”

“దానికి సొంత బుద్ధి లేదు. ఎప్పుడూ కుడిచెయ్యి మాట వినే రకం.”

“ఇదిగో, ఇదే నీతో. ఏడాదికి ఒక్క మాట సూటిగా చెప్పవు. రోడ్డవతల నీళ్ళెక్కడున్నాయి అన్నయ్యా? బోరు వేయిస్తే రాయి తగిలింది, నువ్వూ ఉన్నావు ఆ రోజు. ఇరవై రెండు గేదెలు. అక్కడికి పొమ్మనడమంటే వాటిని అమ్ముకు పొమ్మనడమే. నా ఇల్లు కాక ఇంకో మూడిళ్ళు వాటి వెనకాల బతుకుతున్నాయి.”

“నన్నేం చెయ్యమంటావు? సంఘం అన్నాక సంఘమే. పైఊరి రైతులు ఒడ్డు వెంట పదడుగులు దున్నకుండా వదిలేశారా లేదా? లాండ్రీ ఆయన సబ్బునీళ్ళు దిగడానికి గుంటలు తవ్వించాడా లేదా? చేపలవాళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో వలలు అటకెక్కించారా లేదా? మొదటి మీటింగు గుర్తుందా నీకు? ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలేసరికే పొద్దుగూకింది. అలాంటివాళ్ళు ఒక బల్ల చుట్టూ చేరి, ఏరు అందరిదీ అని సంతకాలు పెట్టారు. చిన్న విషయమా?”

“నేను పెట్టలేదా సంతకం? పెట్టి ఊరుకున్నానా? ఏడాదిన్నరైంది గేదెని ఏట్లో దింపి. కడుగునీళ్ళు అటు పోకుండా కాలవ తీయించా. పేడగుంటకి అడుగూ గోడలూ సిమెంటు చేయించా. చుక్క బయటికి రాదు. అయినా నెలనెలా ల్యాబుకి పంపే సీసాల్లో నాలుగో రేవుది కంపేనట. ఎలా కంపు? ఎక్కడిది కంపు?”

“గేదెల్ని అడుగు. వాటికి తెలిసుంటుంది.”

“నా బాధ నీకు ఎగతాళిగా ఉంది.”

“ఎగతాళి కాదే పిచ్చిదానా. నువ్వే ఆలోచించు. సంఘానికి ఏడు రేవులు, ఏడు సీసాలు. మా రేవు మూడోది, నీ షెడ్డుకి పైన. నాలుగోది నీ షెడ్డుకి కింద. మూడో రేవులో తేట, నాలుగో రేవులో కంపు. మధ్యలో ఉన్నది నువ్వూ నీ మందా. ఇంక వాళ్ళు ఎవరి వంక చూస్తారు? ఆకాశం వంకా?”

“ఆ మూడో రేవు సీసా నింపేది ఎవరు?”

“నేనే.”

“అదే అంటున్నా. ఊళ్ళోవాళ్ళు కాదు, పరాయివాళ్ళు కాదు. నా తోడబుట్టినవాడి సీసా వచ్చి నా మెడకి చుట్టుకుంది.”

“సీసా ఏం చేసిందే పాపం? ఉన్నదున్నట్టు చెప్పింది. మొన్న నీళ్ళు ముంచుతుంటే ఒక చేప పైకొచ్చింది. ఇంత చేప. పెద్దాయనా, మీ రేవు దాకా వస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, ఇక్కడే ఇల్లు చూసిపెట్టండి అంది.”

“నువ్వేమన్నావు?”

“అద్దెకి ఖాళీ లేదన్నా.”

“నవ్వు రావట్లేదు అన్నయ్యా.”

“సరే. రాకపోతే పోనీ. మురికి అనేది ఇంటిని బట్టి ఉంటుందే. మా ఇల్లు చూడు. మీ వదినకి తుంటి విరిగిన ఏడాది కట్టించానా ఆ బాత్రూము? ఆరేళ్ళయిందా? ఇంతవరకూ సెప్టిక్ ట్యాంకు లారీని పిలిచింది లేదు. పక్క వీధికి రెండేళ్ళకోసారి వస్తుంది ఆ లారీ, వచ్చిన రోజు ఊరంతా ముక్కు మూసుకోవాల్సిందే. మాది నిండితేగా పిలవడానికి. మీ వదినతో అంటుంటా, మన ఇంట్లో తిన్నది తిన్నట్టు వంటికే పడుతోందే అని.”

“ఆ కథ వందసార్లు విన్నా.”

“కథేంటి? నిజమే చెబితే కథంటావు. ఒడ్డున ఆ గడ్డి చూశావా? మండుటెండల్లో కూడా నడుమెత్తు. పోయిన నెల ఒక మేక అందులో దూరి దారి తప్పి, రెండు రోజుల తర్వాత పైఊళ్ళో తేలింది.”

“అన్నయ్యా, ఒక్క సంగతి అడుగుతా. కాదనకు.”

“అడుగు.”

“ఇవాళ సీసా... ఇవాళ్టికి మాత్రం... ఏటి మధ్యకి పోకుండా, ఒడ్డు పక్కన ముంచు. ఆ పాకుడు రాళ్ళ దగ్గర.”

“పాకుడు రాళ్ళ దగ్గరా?”

“ఒక్కసారే. నీ సీసాలో కూడా కాస్త మురికి కనపడితే, పైనుంచే వస్తోందేమోనని ఇంకో రెండు నెలలు ఆగుతారు. ఈలోగా నేను ఏదో ఒకటి...”

“లే.”

“ఏంటి?”

“ఆ మెట్టు మీంచి లేచి ఇంటికి పో.”

“నేను కూర్చుంటేగా లేవడానికి.”

“చూడమ్మాయ్. పొగమంచులో తెడ్డు మంచుకే ఆనించి బీడీ ముట్టించుకున్నానని చెప్పా. చెప్పానా? మొసలి వీపు మీద సగం దూరం పడవ నడిపానని చెప్పా. ఊరంతా నన్ను కోతలరాయుడంటుంది, అననీ. నోటితో కోస్తానేమో గానీ, సీసాతో కోయను. ఆ మీటింగు హాల్లో గోడ మీద నా పేరు రాసి పెట్టారు, ఏడు రేవుల్లోకీ నమ్మకమైన రేవని. నలభై ఏళ్ళు జనాన్ని అవతలి గట్టుకి దాటించా, అప్పుడెవడూ గోడ మీద రాయలేదు. ఈ వయసులో వచ్చింది ఆ మాట. దాన్ని పాకుడు రాళ్ళ దగ్గర ముంచమంటావా?”

“నా గేదెలకన్నా గోడ మీద పేరు ఎక్కువైంది.”

“అలా అనకు.”

“మరెలా అనాలి?”

“ఎలాగూ అనకు. ఉండు, సీసా కడుక్కోనీ. సీసాలు పోగుచేసే టీచరమ్మ వచ్చే వేళయింది.”

“కడుక్కో. బాగా కడుక్కో. నా గొంతు మీద కాలేసి... ఏంటా వాసన?”

“ఏ వాసన?”

“ముక్కు పగిలిపోతోంది. ఏం కలిపావు ఆ బకెట్లో?”

“బ్లీచింగ్ పొడి. ఊరికే నీళ్ళతో పోతుందా?”

“ల్యాబువాళ్ళు సీసాలు శుభ్రం చేసే పంపిస్తారుగా. ఏట్లో ముంచేదాకా మూత తీయొద్దని టీచరమ్మ మా అందరికీ నూట పదహారుసార్లు చెప్పిందిగా.”

“చెప్పింది. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు కడిగితే నేను నమ్మాలా? మొదటి నెల అలాగే నమ్మి, వాళ్ళిచ్చింది ఇచ్చినట్టే ముంచి పంపించా. ఏమైంది? అందరి ముందూ మా రేవు అంకె ఎర్రసిరాతో రాసి చదివారు. చేపలాయన నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయా. సీసా మురికి అయ్యుంటుందని ఆ మర్నెల నుంచీ నా చేత్తో నేనే కడుగుతున్నా. ఇదిగో, ఇలా మూడుసార్లు తిప్పడం, వంపేయడం.”

“మంచినీళ్ళతో మళ్ళీ కడగవా?”

“కడగను. అడుగున రెండు చుక్కలు వదిలేస్తా. ల్యాబుకి చేరేసరికి ఎండెక్కుతుంది కదా, నీళ్ళు దారిలో చెడిపోకుండా. ఎవరికీ రాని ఆలోచన ఇది. ఆ మర్నెల నుంచీ నేను ముంచిన సీసా ఒక్కటీ ఎర్రసిరా ముఖం చూళ్ళేదు. ఏంటి, అలా చూస్తావు?”

“పాలక్యాన్లు దీంతోనే కడిగాం ఒకసారి.”

“మంచిపనే చేశారు.”

“ఆ రోజు పాలు తోడు పెడితే పెరుగవ్వలేదు. మర్నాడు పొద్దుటికి కూడా అవ్వలేదు. గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి మాట పడ్డా.”

“నీ పెరుగు గోల ఇప్పుడెందుకు?”

“టీచరమ్మే వచ్చి చెప్పింది. పెరుగవ్వాలంటే కంటికి కనపడని పురుగులు కావాలి, క్యానులో ఈ పొడి చుక్క మిగిలినా అవి బతకవు అని. అప్పట్నుంచీ వేణ్ణీళ్ళే వాడుతున్నాం.”

“అయితే?”

“ల్యాబులో ఏం చూస్తారు అన్నయ్యా? సీసా నీళ్ళలో ఏం లెక్కపెడతారు?”

“అదే, కనపడని పురుగులు ఎన్ని...”

“ఊఁ.”

“ఎన్ని ఉన్నాయో...”

“నువ్వు వాటిని చంపి పంపిస్తున్నావు.”

“ఉండు, లెక్కపెడుతున్నా.”

“ఏంటి?”

“సీసాలు. రెండేళ్ళు. ఇరవై నాలుగు. మొదటి నెలది తీసెయ్. మోకాలు వాచి నేను మంచమెక్కిన నెల చేపలాయన ముంచాడు, అదీ తీసెయ్.”

“ఆ నెలా ఎర్రసిరానే కదా?”

“నవ్వుకున్నాం కదే. చేపల బుట్టలో పడేసి తెచ్చుంటాడని.”

“మిగిలినవి?”

“ఇరవై రెండు. నీ గేదెలన్ని.”

“అన్నయ్యా, ఆ సీసా కింద పెట్టు.”

“పొద్దున్న లేచి మోకాలు పట్టుకుని ఆ మెట్లు దిగి, ఏటి మధ్యకి పోయి, మోచేతి లోతున... మంచమెక్కిన ఆ ఒక్క నెల తప్ప మానలేదే. వానలో కూడా.”

“తెలుసు.”

“దొంగతనంగా చెయ్యలేదే.”

“తెలుసన్నాగా. స్కూటరు చప్పుడు వస్తోంది. చెప్పేద్దాం.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడు కాకపోతే పదింటికి నన్ను పంపించేశాకా?”

“అది కాదే, మీటింగు అయ్యాక పక్కకి పిలిచి, నెమ్మదిగా... గోడ మీద పేరు... రండి టీచరమ్మా. మీరొస్తారని రాత్రి నుంచే ఏరు ముస్తాబై కూర్చుంది.”

“మీ ఏరుకి పొగరెక్కువైంది పెద్దాయనా, మీ పొగడ్తలు విని. సీసా సిద్ధమా? ఓ, పాలక్కా, మీరూ ఇక్కడే ఉన్నారా. నేనే మీ దగ్గరికి రావాలనుకున్నా. ఇవాళ్టి మీటింగు గురించి...”

“మీరు కూర్చోండి టీచరమ్మా. మా అన్నయ్య మీకొక మాట చెప్పాలంటున్నాడు.”

“చెబుతా, చెబుతా. ముందు టీచరమ్మ ఊపిరి తీసుకోనీ. అన్నట్టు మొన్న ఒక చేప పైకొచ్చి...”

“అన్నయ్యా.”

“ఇంత చేప టీచరమ్మా, మీసాలు కూడా...”

“అన్నయ్యా, నువ్వు చెబుతావా, నేను చెప్పనా?”

“...నువ్వే చెప్పు.”

“ఆ బకెట్టు వాసన చూడండి టీచరమ్మా. సీసా దాంతో కడుగుతాడు. ప్రతి నెలా. కడిగి, మంచిదని రెండు చుక్కలు అడుగున వదిలేస్తాడు. మా క్యాన్లు, మా పెరుగు, మీరే వచ్చి చెప్పారు, గుర్తుందా?”

“ఉండండి. ఉండండి. పెద్దాయనా, మూత తీస్తారా మీరు? ముంచకముందే?”

“తీస్తా.”

“బ్లీచింగ్‌తో కడుగుతారా?”

“ఊఁ.”

“ఎప్పట్నుంచి?”

“రెండో నెల నుంచీ. తిట్టండి. తిట్టకపోతే నాకు బాగోదు.”

“నేనెవరిని తిట్టడానికి? మొదటి నెల అంకె కొత్తలో పొరపాటని కొట్టేసింది నేను. చేపలాయన ముంచిన నెల అంకె కొట్టేసింది నేను. నా పెన్నుతోనే, అడ్డంగా గీత గీసి. మిగిలిన ఇరవై రెండూ తెల్లగా ఉంటే చూసి మురిసిపోయాను. ఆ పుస్తకంలో నిజం చెప్పినవి ఆ రెండే అన్నమాట.”

“అయితే నా షెడ్డు?”

“పాలక్కా, మీకు నేనేం చెప్పాలో తెలియట్లేదు. ఏడాది నుంచీ మిమ్మల్ని... పేడగుంటకి సిమెంటు చేయించినా అంకె తగ్గలేదేంటని నేనే మీ ముఖం మీద అడిగాను.”

“అడిగారు. పర్లేదు. ఇవాళ చేతులెత్తరు కదా?”

“ఎత్తరు. నేను ఎత్తనివ్వను. మురికి షెడ్డుకి పైనుంచే వస్తోంది, మూడో రేవు దగ్గరే ఉంది. అదే చెబుతాను.”

“అమ్మయ్య. ఇప్పుడు కూర్చుంటా అన్నయ్యా. కాస్త జరుగు.”

“కూర్చో.”

“కానీ పాలక్కా, పైనుంచి ఎక్కడ్నుంచి? రెండో రేవు సీసా లాండ్రీ ఆయన ముంచుతారు. ఆయన కడగరు కదా?”

“లాండ్రీ ఆయనా? ఇంటికెళ్తే చేతులు కూడా కడగడు టీచరమ్మా. రోజంతా కడిగి విసుగొచ్చి.”

“అంటే రెండో రేవు వరకూ తేటే. ఆ వంపు దాటాక, ఇక్కడికి వచ్చేలోపల ఏదో కలుస్తోంది. ఏముంది మధ్యలో? పొలం లేదు, పాక లేదు, కాలవ లేదు. పదింటికి అందరూ మొదట అడిగేది అదే. ఏదో ఒకటి చెప్పకపోతే మళ్ళీ ఒకరి మీద ఒకరు పడతారు, రెండేళ్ళ కష్టం బూడిద. నా సంచిలో సీలు తీయని సీసా ఉంది. నేనే దిగి ముంచుకొస్తా. పైకి కూడా ఒకసారి చూసొస్తా.”

“నాలుగో మెట్టు కదులుతుంది, చూసుకుని దిగండమ్మా.”

“సరే పెద్దాయనా.”

“టీచరమ్మ నా కూతురి లాంటిది. ఒక్క మాట అనలేదు చూశావా? అంటే బాగుండేది.”

“అన్నయ్యా.”

“ఆ గోడ మీద పేరు నేనే తుడిచేస్తా. తడిగుడ్డ తీసుకుపోయి, మీటింగుకి ముందే...”

“అన్నయ్యా, ఇందాక ఆ లారీ మాట అన్నావే.”

“ఏ లారీ?”

“ట్యాంకు లారీ. ఆరేళ్ళయినా పిలవలేదని. అది కోతా, నిజమా?”

“నిజమేనే. నిజం చెబితేనే నువ్వు కథంటావు.”

“ఒక్కసారి కూడా?”

“నిండితేగా.”

“మేస్త్రీ దానికి అడుగు వేశాడా?”

“అడుగా?”

“నా పేడగుంటకి వేశారు చూడు, సిమెంటు అడుగు. అలాంటిది. నువ్వు చూశావా?”

“మీ వదిన ఆసుపత్రిలో ఉంది కదా అప్పుడు. నేను అటూ ఇటూ తిరుగుతున్నా. మేస్త్రీ అన్నాడు, ఇసుక నేల కదా పెద్దాయనా, అడుగెందుకు, అదే ఇంకిపోతుంది, జన్మలో నిండదు అని. మంచి తెలివైనవాడు దొరికాడనుకున్నా. నాలుగు రోజుల్లో ముగించి...”

“ట్యాంకు ఎటు వైపుంది?”

“వెనకాల. ఒడ్డు వైపు.”

“ఆ గడ్డి ఉన్న వైపా? మండుటెండల్లో కూడా నడుమెత్తు గడ్డి.”

“అటే. ట్యాంకు, దాని కింద గడ్డి, దాని కింద ఏరు.”

“నువ్వు అటు చూడకు. టీచరమ్మ కూడా అటే చూస్తుంది. మాట్లాడకుండా కూర్చో.”

“చెల్లీ.”

“మాట్లాడకన్నానా. నా షెడ్డు సంగతి తేలిపోయింది. అది చాలు. ఇంక ఏ మాటా నీ నోట్లోంచి రానీయకు. సంఘం రూలు తెలుసుగా, ఒడ్డుకి యాభై అడుగుల లోపల మురికి గుంట ఉంటే ఆ రోజే మూసేయాలి. నువ్వే చెయ్యెత్తావు దానికి. కుడిచెయ్యి.”

“ఎత్తా.”

“మూసేస్తే వదిన ఎక్కడికి పోతుంది? ఆ నాలుగుకాళ్ళ వాకరు పట్టుకుని పది అడుగులు నడవడానికే ఆవిడకి పావుగంట. మళ్ళీ మంచం మీదే అన్నీనా? ఆరు నెలలు చేశాం నువ్వూ నేనూ, గుర్తుందా? గోడ వైపు తిరిగి ఏడ్చేది.”

“గుర్తుంది.”

“మరి నోరు మూసుకో.”

“ఆ చప్పుడు విను.”

“ఏ చప్పుడు?”

“టక్, టక్ మని. లేచింది మీ వదిన. బాత్రూముకే పోతోంది. కింద టీచరమ్మ సీసా ముంచుతోంది, ఇక్కడ ఈవిడ... ఎవరొచ్చారని అడుగుతోంది. ఏం లేదే, మా చెల్లెలు వచ్చింది. నెమ్మదిగా పో. గోడ పట్టుకో. లైటు వేసుకో.”

“టీచరమ్మ పైకొస్తోంది. నేను మాట్లాడతా.”

“పాలక్కా, పెద్దాయనా, ముంచేశాను. మోచేతి లోతున, మధ్యలో. ఇక్కడ వాసన కూడా తేడాగా ఉంది, ఎలా కనిపెట్టలేదో ఇన్నాళ్ళూ. ఒడ్డున గడ్డి భలే పచ్చగా ఉంది. అంతా తొక్కేసి ఉంది కూడా.”

“మేకలు టీచరమ్మా.”

“మేకలా?”

“ఆ గడ్డి కోసమే వస్తాయి. పై గుట్ట మీంచి మేకలాయన రోజూ దింపుతాడు మందని. మేస్తాయి, తాగుతాయి, అక్కడే అన్నీ. అరవై మేకలు. నేను చాలాసార్లు చూశా.”

“అరవైనా? మరి ఆయన సంఘంలో లేరే.”

“ఎవరు పిలిచారు? ఊరికి దూరంగా ఉంటాడు. చదువూ లేదు, మాటా లేదు.”

“అయితే అదే అయ్యుండాలి. సరిగ్గా రెండో రేవుకీ మూడో రేవుకీ మధ్యలో. రాసుకుంటా. ‘మేకల మంద.’ పదింటికి ఇదే చెప్పి, ఆ దారికి కంచె వేయించమందాం. ఆయన్ని గుట్ట దిగొద్దని...”

“గుట్ట మీద నీళ్ళు లేవు.”

“ఏమన్నారు పెద్దాయనా?”

“మా అన్నయ్య మాటలు పట్టించుకోకండి. పొద్దున్నే తలనొప్పన్నాడు.”

“గుట్ట మీద నీళ్ళు లేవు అన్నా. దిగొద్దంటే వాడు మందని అమ్ముకోవాలి.”

“అన్నయ్యా, వదిన పిలుస్తోంది, లోపలికి పో.”

“పిలవట్లేదు. పాతిక మేకలే టీచరమ్మా, అరవై కాదు. అవి కూడా వానలు వెనకపడితేనే దిగుతాయి. రెండేళ్ళలో నాలుగు నెలలు చూశానేమో. మిగతా నెలల్లో నాలుగో రేవుకి ఎర్రసిరా ఎక్కడ్నుంచి వచ్చింది? చెల్లీ, పొద్దున్న నువ్వు క్యాను ఊపుతూ ఆ మెట్టు మీదే నిలబడి, రోడ్డవతల నీళ్ళెక్కడున్నాయి అన్నావే. వాడికి ఇలా వచ్చి అడగడానికి అన్న కూడా లేడు.”

“నాకు అర్థం కావట్లేదు. మేకలు కాకపోతే ఏంటి మరి?”

“ఏముంది, ఇంకో చేప కథ చెబుతాడు. చెప్పనీయకండి టీచరమ్మా, మొదలుపెడితే పదకొండవుతుంది. మీకు మీటింగు లేటవుతుంది. కోతలు. అన్నీ కోతలే. ఊరంతటికీ తెలుసు.”

“నిజమే, నా మాట ఊళ్ళో ఎవరూ నమ్మరు. మీరు మాత్రం ఇది రాసుకోండి. ఆ మేకల మాట కొట్టేసి, దాని కిందే రాసుకోండి.”

“ఏం రాయమంటారు?”

“అన్నయ్యా, వద్దు.”

“ఎర్రసిరాతో రాయండి టీచరమ్మా. మా ఇంటి వెనకాల ట్యాంకు కట్టి ఆరేళ్ళయింది, ఇంతవరకూ నిండలేదు.”